పెంపకపు మాటలు: స్వీడిష్ నుండి ఆంగ్లానికి

అనువాదం అనగానే మన విద్యార్థులకు కావ్యములు, నాటకములు, నవలలు జ్ఞప్తికి వస్తాయి. పరీక్షలలో అడిగే ప్రశ్నలు కూడా అటువంటివే. కావ్యానువాదంలో ఒక మాట జారితే రసభంగం కలుగుతుంది, విమర్శకుడు నొచ్చుకుంటాడు. అంతకు మించి ఎవరి ఇంటికీ ఏమీ కాదు. కార్యాలయపు కాగితాల సంగతి వేరు. అందులో ఒక మాట జారితే ఒక తల్లికి నెల రోజులు నిద్ర పట్టదు. అట్టి కాగితాలలో కెల్లా కఠినమైనవి, ప్రభుత్వోద్యోగి ఒక ఇంటికి వెళ్లి చూచి, ఈ తల్లిదండ్రులు ఈ బిడ్డను పెంచగలరా లేదా అని విచారించి వ్రాసే నివేదికలు. స్వీడన్ దేశంలో అటువంటి నివేదికలకు ప్రత్యేకమైన పదజాలం ఒకటి ఏర్పడి ఉన్నది. ఆ పదాలు ఆంగ్లంలోకి వచ్చేటప్పుడు ఏమి పోగొట్టుకుంటున్నవో, ఏమి కొత్తగా తగిలించుకుంటున్నవో కొంతకాలంగా మేము గమనిస్తున్నాము.

తెలుగు చెప్పుకొనే వారికి స్వీడిష్ మాటలతో ఏమి పని అని కళాశాల కార్యవర్గం వారు అడుగవచ్చును. ఆ పనిని మేము వెతుక్కొనలేదు, అదే మమ్ము వెతుక్కుంటూ వచ్చినది. మా వద్ద చదువుకొన్న ఒక విద్యార్థి అక్కగారు భర్త ఉద్యోగరీత్యా స్వీడన్‌లో ఉంటున్నారు. 2023లో వారి ఐదేళ్ల కుమారుని గురించి అక్కడి శిశువిద్యాలయం వారు పురపాలక సంఘానికి ఒక వర్తమానం పంపినారు. రెండవ కాన్పు తరువాత ఆ తల్లి ఆరోగ్యం కుదుటపడలేదు. భర్తది ఊళ్లు తిరిగే పని. ఇంట్లో పెద్దదిక్కు లేదు. పిల్లవాడు బడికి రాని రోజులు ఎక్కువైనవి. వచ్చిన రోజులలో ఎవరితోనూ మాట్లాడక మూలన కూర్చునేవాడు. విచారణ జరిగినది. నివేదిక స్వీడిష్‌లో వచ్చినది, దానితో పాటు ఆంగ్లానువాదం కూడా వచ్చినది. ఆ రెండూ రాయలసీమలోని ఒక పట్టణంలో ఉన్న ఆమె తల్లిగారికి చేరినవి. ఆమెకు తెలుగు, ఉర్దూ చక్కగా వచ్చు, ఆంగ్లం రాదు. కుమారుడు ఆ కాగితాలు పట్టుకొని మా ఇంటికి వచ్చి, "సార్, అక్కను గురించి ఏమో చెడ్డగా రాసినారంట. అమ్మీ అన్నం తినడం లేదు. కొంచెం చూసి చెప్పండి" అన్నాడు.

స్వీడిష్ భాషలో మేము పండితులము కాము. నిఘంటువు, వ్యాకరణం, ఆ దేశపు చట్టాల పాఠం దగ్గర పెట్టుకొని మాట వెంబడి మాట చూచుకొనగలము, అంతే. అయినను ఆంగ్లపు కాగితం కంటె స్వీడిష్ కాగితమే మాకు ఎక్కువ తేటగా కనబడినది. కారణం చెప్పుటకే ఈ వ్యాసం.

ఆ నివేదికకు ఆయువుపట్టు వంటి మాట "ఫొరెల్డ్రాఫొర్మోగా". ఫొరెల్డ్రార్ అనగా తల్లిదండ్రులు. ఆ మాటలో ఉన్నది "ముందటి పెద్దలు" అనే భావం. ఆంగ్లంలోని పేరెంట్ అనే మాట లాటిన్‌లో కనుట అనే ధాతువు నుండి వచ్చినది. మన ఉర్దూ వాలిదైన్ కూడా అంతే. కన్నవారిద్దరు అని అరబ్బీ ద్వివచనం. అంటే ఆంగ్లం, అరబ్బీ కనుటను చూచినవి, స్వీడిష్ పెద్దరికాన్ని చూచినది. ఇక ఫొర్మోగా అనగా శక్తి, సామర్థ్యం. ఆ మాటకు దగ్గరి చుట్టమైన ఫొర్మోగెన్‌హేత్ అనే మాటకు ఆస్తి అని అర్థం. ఇది మనకు వింత కాదు. "మా శక్తి కొలది కట్నం పెట్టినాము" అంటాము. అక్కడ శక్తి అనగా కండబలం కాదు గదా.

ఈ ఫొర్మోగాకు ఆంగ్లంలో నాలుగైదు మాటలు పోటీ పడతాయి. ఎబిలిటీ అంటే నేర్పు అనే ఛాయ వస్తుంది. ఈత వచ్చునా, రాదా అన్నట్లు. కాంపిటెన్స్ అంటే పరీక్ష వాసన వేస్తుంది. పైగా 1985లో ఇంగ్లండు ప్రభువుల సభ ఇచ్చిన గిల్లిక్ తీర్పు తరువాత ఆ మాట అక్కడ వైద్యానికి తానే సమ్మతి ఇవ్వగల బాలబాలికల వివేకానికి పేరైపోయినది. కెపాసిటీ అంటే ఇంగ్లండులో 2005 నాటి మానసిక సామర్థ్య చట్టం తలపునకు వస్తుంది. ఫిట్‌నెస్ అనే మాట అన్నిటికంటె ప్రమాదకరం. అమెరికా న్యాయస్థానాలలో అన్‌ఫిట్ పేరెంట్ అనే మాటకు బిడ్డను పోగొట్టుకొనుటకు తగిన తల్లి లేక తండ్రి అని అర్థం. స్వీడిష్ మాటలో అటువంటి తీర్పు లేదు. తెలుగులో చెప్పవలసి వస్తే అది శక్తియే గాని యోగ్యత కాదు, అర్హత అంతకంటె కాదు.

ఇందులో ఒక చిత్రమున్నది. స్వీడన్‌లో నేడు ఈ నివేదికలు వ్రాసే పద్ధతికి బి.బి.ఐ.సి. అని పేరు; "బిడ్డ అవసరాలే కేంద్రం" అని దాని భావం. దానిని సాగిస్తున్నది ఆ దేశపు ఆరోగ్య సంక్షేమ మండలి. ఆ పద్ధతి స్వీడన్‌లో పుట్టినది కాదు. 2000లో ఇంగ్లండు ఆరోగ్య శాఖ అవసరంలో ఉన్న పిల్లలను, వారి కుటుంబాలను పరిశీలించుటకు ఒక చట్రం ప్రచురించినది. అది ఒక త్రిభుజం: ఒక భుజం బిడ్డ ఎదుగుదల అవసరాలు, రెండవది పేరెంటింగ్ కెపాసిటీ, మూడవది కుటుంబం, పరిసరాలు. రెండవ భుజం క్రింద ఆరు అంశాలు చెప్పినారు: ప్రాథమిక సంరక్షణ, భద్రత, ఆప్యాయత, ప్రేరణ, మార్గదర్శనం - హద్దులు, స్థిరత్వం. స్వీడన్ వారు ఈ చట్రాన్ని తెచ్చుకొని తమ భాషలో పేరెంటింగ్ కెపాసిటీకి "తల్లిదండ్రుల శక్తి" అన్నారు. ఇప్పుడు స్వీడన్‌లోని అనువాదకుడు దానిని మరల ఆంగ్లంలోకి తిప్పి "పేరెంటల్ ఎబిలిటీ" అంటున్నాడు. ఇంగ్లండు నుండి బయలుదేరిన మాట వేషం మార్చుకొని ఇల్లు చేరినది, ఇంటివారు గుర్తుపట్టలేదు.

పేరెంటింగ్, పేరెంటల్ అనే రెండింటికీ భేదం లేదనుకొనరాదు. పేరెంటింగ్ అనునది పని పేరు, పెంపకం. పేరెంటల్ అనునది మనిషికి అంటుకొన్న విశేషణం. "పెంపకంలో కొరత" అంటే పని దిద్దుకొనవచ్చును. "తల్లి గుణంలో కొరత" అంటే ఏమి దిద్దుకొంటారు? రెండు మూడు అక్షరాల తేడాతో నేరం పని మీద నుండి మనిషి మీదికి ఎక్కుతున్నది. మా ముందున్న ఆంగ్ల ప్రతిలో పేరెంటల్ అనియే ఉన్నది. దానికి తోడు, స్వీడిష్‌లో "బ్రిస్తెర్" అనే మాట ఉన్నచోట ఆంగ్లంలో డిఫెక్ట్స్ అని పడినది. బ్రిస్త్ అనగా కొరత, వెలితి, చాలకపోవుట. నీటి ఎద్దడికీ, ఓపిక లేమికీ వారు ఆ మాటే వాడతారు. డిఫెక్ట్ అంటే పుట్టుకతో వచ్చిన లోపం వలె, యంత్రంలో విరిగిన చక్రం వలె వినబడుతుంది. "తల్లి సామర్థ్యంలో లోపాలు బయటపడినవి" అని ఎవరో ఆమెకు తెలుగులో చదివి వినిపించినారట. ఆమె అన్నం మానుటకు మొదటి కారణం అది.

ఇటువంటి చోట తెలుగుకు ఉన్న సౌకర్యం ఆంగ్లానికి లేదని మేము నిస్సంకోచంగా అంటాము. మనకు "చాలు" అనే క్రియ ఉన్నది. "ఆమెకు ఓపిక చాలడం లేదు", "చేయి చాలడం లేదు" అంటే కొరత చెప్పినట్లే ఉంటుంది, నింద వేసినట్లు ఉండదు. మేము ఆ వాక్యాన్ని "బిడ్డను చూచుకొనుటలో కొన్ని విషయాలలో ఆమెకు చేయి చాలడం లేదని తేలినది" అని వ్రాసి ఇచ్చినాము. స్వీడిష్ వాక్యంలో దీనికంటె ఎక్కువా లేదు, తక్కువా లేదు.

సంరక్షణకు ఆ భాషలో రెండు ముఖ్యమైన మాటలున్నవి: వోర్డ్, ఓమ్‌సోర్య్. మొదటిది కాపాడుట, చికిత్స చేయుట; ఆసుపత్రికీ అదే, బిడ్డకూ అదే. రెండవది మమ్ము చాలా సేపు ఆపినది. ఓమ్ అనగా గురించి. సోర్య్ అనగా దుఃఖం. ఆంగ్లంలోని సారో దానికి తోబుట్టువు. ఒకరిని గురించి మనసులో బరువు మోయుటయే ఓమ్‌సోర్య్. జర్మన్ భాషలోని జోర్గె ఈనాటికీ ఆందోళననూ, సంరక్షణనూ ఒక్క మాటతోనే చెబుతుంది. మన ఇళ్లలో "పిల్లల ఫికర్ లేదా నీకు" అన్నప్పుడు ఫికర్‌లో ఈ రెండు అర్థాలూ ఉన్నవి. ఆంగ్లంలోని కేర్‌లో కూడా ఒకప్పుడు దుఃఖార్థం ఉండేది, ఇప్పుడది అరిగిపోయినది. పైగా ఇంగ్లండులో "టేకెన్ ఇంటు కేర్" అంటే బిడ్డను ఇంటి నుండి తీసుకొనిపోయినారని అర్థం. కనుక స్వీడిష్‌లో మెత్తగా ఉన్న మాట ఆంగ్లంలో కేర్ అయిన మరుక్షణం తలుపు తట్టిన చప్పుడు వినిపిస్తుంది.

ఓమ్‌సోర్య్‌కు స్విక్త్ అనే మాట చేర్చితే ఓమ్‌సోర్య్‌స్విక్త్. స్విక్త్ అనగా ఆదుకొనవలసిన వేళ ఆదుకొనకపోవుట. ఆంగ్లానువాదకులు దీనికి తరచుగా నెగ్లెక్ట్ అంటారు. అది తప్పు అనలేము. ఇంగ్లండు ప్రభుత్వపు మార్గదర్శకాలలో కూడా బిడ్డ ప్రాథమిక అవసరాలను పదేపదే తీర్చకపోవుటనే నెగ్లెక్ట్ అన్నారు. కాని స్వీడిష్‌లో దీనికంటె కటువైన వాన్‌వోర్డ్ అనే మరో మాట వేరుగా ఉన్నది. విశేషమేమనగా ఈ కటువైన మాటను ఆ దేశం తన మీద తానే ప్రయోగించుకొన్నది. 1920 నుండి 1980 వరకు ప్రభుత్వం తన సంరక్షణలోకి తీసుకొన్న బిడ్డలు అనాథాశ్రమాలలో, పెంపుడు ఇండ్లలో పడిన బాధలను విచారించుటకు 2006లో ఒక సంఘం ఏర్పడినది. 2011 నవంబరు 21న స్టాక్‌హోమ్ నగర భవనంలో ఒక సభ జరిపి ఆనాటి బిడ్డలకు, అప్పటికి ముసలివారైన వారికి, బహిరంగంగా క్షమాపణ చెప్పినారు. తరువాత నష్టపరిహారపు చట్టం చేసి అర్హులైన వారికి రెండు లక్షల యాభై వేల క్రోనార్లు ఇచ్చినారు. తల్లిదండ్రుల శక్తిని తూచే ప్రభుత్వం తన శక్తిని కూడా ఒకసారి తూకంలో పెట్టుకొన్నదన్న మాట. ఈ రెండు మాటలకూ ఆంగ్లంలో నెగ్లెక్ట్ అనియే వ్రాసినచో ఈ తారతమ్యం మాయమవుతుంది.

ఇక శిశువిద్యాలయం వారు పంపిన వర్తమానం. దాని పేరు ఊరూసన్‌మేలన్. రూ అనగా నెమ్మది, ప్రశాంతి. ఊరూ అనగా నెమ్మది లేకపోవుట. అన్‌మేలన్ అనగా తెలియజేయుట. "మాకు మనసు నెమ్మదిగా లేదని తెలియజేస్తున్నాము" అని ఆ మాట సారాంశం. ఉపాధ్యాయులు, వైద్యులు, దాదులు మొదలైనవారు ఒక బిడ్డ బాగులేదని అనుమానించినంత మాత్రాననే ఈ విధంగా తెలియజేయవలెనని అక్కడి చట్టం. అది వారి ఇష్టానికి వదలిన విషయం కాదు. ఆంగ్ల ప్రతిలో ఇది కంప్లయింట్ అయినది. "టీచరమ్మ మా అక్క మీద ఫిర్యాదు చేసింది" అని మా విద్యార్థి మాతో అన్న మాట అందులో నుండి పుట్టినదే. పోలీసులకు చేసే ఫిర్యాదుకు కూడా స్వీడిష్‌లో అన్‌మేలన్ అనే మాటే వాడతారు కనుక అనువాదకుణ్ణి పూర్తిగా తప్పుపట్టలేము. కాని ముందున్న ఊరూను అతడు ఎక్కడ పారవేసినాడో తెలియదు.

ఆ చట్టపు వాక్యంలోనే "ఫార్ ఇల్లా" అనే పలుకుబడి ఉన్నది. ఫారా అనగా పయనించుట. ఫేర్‌వెల్ అనే ఆంగ్లపు మాటలోని ఫేర్ ఇదే. ఫార్ ఇల్లా అనగా బిడ్డ పయనం బాగుగా సాగడం లేదు, బిడ్డ స్థితి బాగులేదు. ఇది అకర్మక క్రియ. ఎవరు చేసినారని ఆ వాక్యం అడుగదు. బిడ్డ పరిస్థితి ఏమిటని మాత్రమే అడుగుతుంది. దీనినే ఆంగ్లంలో "అబ్యూజ్డ్ చైల్డ్" అని అనువదించిన కాగితాలున్నవి. అబ్యూజ్డ్ అనగానే చేసినవాడు ఒకడు నిలబడతాడు. వాడు దోషి అవుతాడు. వ్యాకరణం చదువుకొనే విద్యార్థులు ఇక్కడ ఒక్క క్షణం ఆగవలెను. సకర్మకం, అకర్మకం అనే భేదం పరీక్షలో రెండు మార్కుల ప్రశ్న అని మీరు అనుకొంటారు. ఒక ఇంటి తండ్రి కర్తగా నిలబడుటా, నిలబడకపోవుటా ఆ భేదం మీదనే ఉన్నది. తెలుగులో "పిల్లవాడికి బాగులేదు" అంటాము; కర్త లేకుండానే వాక్యం పూర్తి అవుతుంది. ఫార్ ఇల్లాకు ఇంతకంటె చక్కని అనువాదం మాకు తోచలేదు.

మరి బిడ్డను బలవంతంగా తీసుకొనిపోయే అధికారం ఆ ప్రభుత్వానికి లేదా అంటే, ఉన్నది. అది ఎల్.వి.యు. అనే చట్టం, 1990 నాటిది. తల్లిదండ్రులు సమ్మతించినచో సాంఘిక సేవల చట్టం ప్రకారమే సహాయం అందిస్తారు. సమ్మతి లేనప్పుడు మాత్రమే ఎల్.వి.యు. వస్తుంది. అప్పుడు కూడా పురపాలక సంఘానికి చెందిన సామాజిక సమితి పరిపాలన న్యాయస్థానాన్ని ఆశ్రయించవలెను. బిడ్డ ఆరోగ్యానికో, ఎదుగుదలకో హాని కలిగే "పోతాగ్లిగ్" ప్రమాదం ఉండవలెనని ఆ చట్టం అంటుంది. పోతాగ్లిగ్ అనగా చేతితో తాకి చూడగలిగినంత స్పష్టమైనది. ఆంగ్లంలో ప్యాల్పబుల్ అనే మాట కూడా తాకుట నుండి వచ్చినదే. అది సరిగ్గా సరిపోతుంది. కాని కొందరు సిగ్నిఫికెంట్ అని వ్రాస్తారు. ఇంగ్లండులో 1989 నాటి బాలల చట్టానికి సిగ్నిఫికెంట్ హార్మ్ అనునది గడప వంటి మాట. దాని చుట్టూ ఎన్నో తీర్పులు అల్లుకొని ఉన్నవి. ఆ మాట వాడినచో స్వీడన్ గడప తీసివేసి ఇంగ్లండు గడప బిగించినట్లు అవుతుంది.

చిన్న చిన్న విషయాలు కొన్ని. విచారణకు వచ్చే ఉద్యోగిని అక్కడ "సోసియాల్‌సెక్రెతేరారె" అంటారు. మక్కికి మక్కిగా సోషల్ సెక్రటరీ అంటే ఆంగ్లంలో విందులకు ఆహ్వానాలు పంపే ఉద్యోగి అని అర్థం. సోషల్ వర్కర్ అనుటే సరి. ఆ శాఖను మనము సాంఘిక సంక్షేమ శాఖ అన్నచో మన ఊళ్లలో అందరికీ హాస్టళ్లు జ్ఞప్తికి వస్తాయి. విడిపోయిన తల్లి లేక తండ్రి బిడ్డను కలుసుకొనుటను వారు "ఉమ్‌యెంగె" అంటారు. స్నేహితుల సాంగత్యానికి కూడా అదే మాట. ఇంగ్లండువారు దీనిని మొదట యాక్సెస్ అన్నారు, 1989లో కాంటాక్ట్ అన్నారు, 2014లో మరల పేరు మార్చినారు. తెలుగులో రాకపోకలు అంటే ఒక్కసారే సరిపోయేది.

వోర్డ్నాడ్ అనే మాటను గురించి మన పాఠకులకు కొంచెం ఎక్కువ చెప్పవలెను. బిడ్డ బాధ్యత చట్టరీత్యా ఎవరిదో తెలిపే మాట అది. ఆంగ్లంలో కస్టడీ అంటారు. కస్టడీ అంటే మనకు మొదట పోలీసు ఠాణా తలపునకు వస్తుంది. వోర్డ్నాడ్‌లో ఠాణా లేదు; వోర్డ్ అనే సంరక్షణయే ఉన్నది. ఆ బాధ్యత గలవారిని వోర్డ్నాడ్స్‌హావారె అంటారు, ఆంగ్లంలో గార్డియన్ అని వ్రాస్తారు. మన కళాశాల ప్రవేశపత్రంలో "తండ్రి లేక సంరక్షకుని సంతకం" అని ఉంటుంది గదా. తండ్రి లేనప్పుడే సంరక్షకుడు. అందుచేత కాగితంలో తన కుమార్తెకు గార్డియన్ అని వ్రాసినట్లు తెలిసి ఆ తల్లిగారు, "నా బిడ్డ వాడికి తల్లి కాదా, గార్డియన్ అంటారేమి" అని అడిగినారు. ఫిఖ్‌లో హిజానత్ వేరు, విలాయత్ వేరు. చంటిబిడ్డను ఒడిలో పెట్టుకొని పెంచుట ఒకటి, వాని తరఫున వ్యవహరించుట మరొకటి. వోర్డ్నాడ్‌లో ఈ రెండూ కలిసి ఉన్నవి, అవి సాధారణంగా తల్లిదండ్రులిద్దరికీ ఉమ్మడిగా ఉంటాయి. ఈ సంగతి ఉర్దూలో చెప్పగా ఆమెకు వెంటనే బోధపడినది. మూడు వందల పుటల ఆంగ్ల న్యాయశాస్త్ర గ్రంథం చేయలేని పని హిజానత్ అనే ఒక్క మాట చేసినది.

అన్నిటికంటె ఆమెను ఎక్కువ ఏడిపించిన వాక్యం వేరొకటి. ఆంగ్లంలో అది "ప్లేస్‌మెంట్ ఇన్ ఫ్యామిలీ హోమ్ ఈజ్ నాట్ యాక్చువల్" అని ఉన్నది. చదివినవారందరూ దానిని, పిల్లవాణ్ణి కుటుంబం ఉన్న ఇంటిలో ఉంచుట కుదరదు అని అర్థం చేసికొన్నారు. అంటే బిడ్డను తీసుకొనిపోతారన్న మాట. ఆంగ్లం బాగుగా వచ్చినవారు సైతం అట్లే అన్నారు, ఆంగ్లం ప్రకారం ఆ అర్థమే వస్తుంది కనుక. మూలం చూచినాము. "ఫమిల్యెహెమ్" అనగా కుటుంబపు ఇల్లు కాదు; ఇతరుల బిడ్డను ప్రభుత్వం ఉంచే పెంపుడు ఇల్లు. పూర్వం దానిని ఫోస్టర్‌హెమ్ అనేవారు, తరువాత పేరు మార్చినారు. ఆంగ్లంలో ఫోస్టర్ హోమ్ అనవలెను. "అక్తుయెల్త్" అనగా యాక్చువల్ కాదు. ఇప్పుడు ఆలోచనలో ఉన్నది అని అర్థం. కనుక ఆ వాక్యపు తాత్పర్యం: బిడ్డను పెంపుడు ఇంటికి పంపే ఆలోచన ఏదియు లేదు. కాగితమంతటిలో ఆ తల్లికి అభయమిచ్చే వాక్యం ఏదైనా ఉన్నదంటే అది ఇదొక్కటే. అదే ఆంగ్లంలో పిడుగై పడినది.

ఆమె భయానికి మరో కారణం కూడా ఉన్నది. 2021 చివర, 2022 మొదటి నెలలలో, స్వీడన్ ప్రభుత్వం ముస్లిముల బిడ్డలను ఎత్తుకొనిపోతున్నదని అరబ్బీ భాషలో సామాజిక మాధ్యమాల ద్వారా పెద్ద ప్రచారం సాగినది. ఆ దేశపు ప్రభుత్వం అది అబద్ధమని బహిరంగంగా ఖండించవలసి వచ్చినది. ఆ మాటలు తిరిగి తిరిగి మన ఊళ్లలోని టెలిఫోనులకు కూడా చేరినవి. అనువాద దోషాలే ఆ ప్రచారానికి కారణమని మేము అనము. బిడ్డలను పోగొట్టుకొన్న తల్లిదండ్రుల దుఃఖం నిజమైనది, దానిని వాడుకొన్నవారి ఉద్దేశాలు వేరు. కాని ముందే భయపడి ఉన్నవారి చేతికి ఇటువంటి కాగితం వస్తే దానిని ఏ కంటితో చదువుతారో అనువాదకుడు తెలిసి ఉండవలెను. 2017 నాటి పరిపాలన చట్టం ప్రకారం, భాష రానివారికి అవసరమైనప్పుడు దుబాసీని ఏర్పాటు చేసి కాగితాలు అనువదింపజేయుట అక్కడి కార్యాలయాల విధి. విధిని వారు నెరవేర్చినారు. ఆమె భాషలు తెలుగు, ఉర్దూ. కాగితం ఇచ్చినది ఆంగ్లంలో.

అనువదించిన వ్యక్తిని మేము నిందించడం లేదు. గంటల లెక్కన కూలి పుచ్చుకొని, న్యాయస్థానపు గడువు తరుముతుండగా పనిచేసేవారికి ఒక్కొక్క మాట వద్ద మావలె అరగంట ఆగే వీలుండదు. అయినను ఒక్క సూత్రం చెప్పవచ్చునని మా అభిప్రాయం. ఇటువంటి కాగితంలో నిఘంటువులోని మొదటి అర్థం వేయుటకు ముందు, ఈ మాట చదివే దేశంలో దీనికి చట్టపు అర్థం ముందే ఉన్నదా అని చూడవలెను. ఉన్నచో దానిని వదలి, విడమరచి చెప్పవలెను. వాక్యం పొడవైతే కానిండు. "పెంపకంలో ఈ ఈ విషయాలలో ప్రస్తుతం కొరత కనబడుతున్నది" అని వ్రాయుటకు ఆంగ్లంలో పది మాటలు పడతాయి. రెండు మాటలలో ముగించుట వలన ఎవరికి లాభం? మా మిత్రులలో ఆంగ్లశాఖవారు ఒకరు, పారిభాషిక పదానికి పారిభాషిక పదమే ఉండవలెను, వ్యాఖ్యానం పనికిరాదు అని మాతో వాదించినారు. శాస్త్ర గ్రంథానికి వారి మాట ఒప్పుకొంటాము. తల్లి చేతికిచ్చే కాగితానికి ఒప్పుకొనము.

కొన్ని మాటలకు పొడవు వాక్యం కూడా చాలదు. స్వీడన్ వారి తల్లిదండ్రుల సంహితలో బిడ్డకు సంరక్షణ, "త్రిగ్‌హేత్", మంచి పెంపకం పొందే హక్కు ఉన్నదని వ్రాసినారు. 1979లో పిల్లలను కొట్టరాదని ఆ దేశం చట్టం చేసినది కూడా ఈ సంహితలోనే. సంరక్షణ, పెంపకం అని వేరువేరుగా చెప్పుట మనకు తెలిసినదే. ఉర్దూలో పర్వరిష్, తర్బియత్ అంటాము. నడుమనున్న త్రిగ్‌హేత్‌కు ఆంగ్లంలో సెక్యూరిటీ అంటారు, సేఫ్టీ అంటారు. తాళం వేసిన ఇంట్లో సేఫ్టీ ఉంటుంది. అమ్మ పక్కగదిలో ఉన్నదని తెలిసి బిడ్డ ఒంటరిగా ఆడుకొనుటలో ఉన్నది త్రిగ్‌హేత్. మన ఇంట్లో తెలుగుకూ, ఉర్దూకూ ఉమ్మడి ఆస్తి అయిన భరోసా అనే మాట దానికి దగ్గరగా వస్తుంది.

విచారణ నాలుగు నెలలలో ముగిసినది. వారానికి రెండు రోజులు ఇంటికి ఒక సహాయకురాలు రావలెనని, తల్లికి వైద్యం సాగవలెనని నిర్ణయించినారు, కుటుంబం సమ్మతించినది. చివరి పుటలో ఇంకొక వాక్యం ఉన్నది. ఆంగ్లంలో అది "గ్రాండ్‌మదర్ ఈజ్ ఎ రిసోర్స్, హర్ స్టే ఈజ్ రికమెండెడ్" అని ఉన్నది. గ్రాండ్‌మదర్ వచ్చి కొంతకాలం ఉండుట మంచిదని దాని సారం. ఏ గ్రాండ్‌మదర్? ఊరిలో ఇద్దరు ఉన్నారు: పిల్లవాని నానీ, పిల్లవాని దాదీ. ప్రయాణానికి ఇద్దరూ సిద్ధమే. ఇద్దరికీ విమానపు ఖర్చులు పెట్టే స్తోమత ఇంట్లో లేదు. వారం రోజులు రెండు ఇళ్ల మధ్య మర్యాదగా, కాని గట్టిగా చర్చ జరిగినది.

ఇది ఆంగ్లం తేల్చగల తగాదా కాదు. స్వీడిష్ భాషకు మన భాషల వలెనే తల్లి వైపు, తండ్రి వైపు అనే వివేకం ఉన్నది. అమ్మ తల్లి మూర్మూర్, నాన్న తల్లి ఫార్మూర్. అమ్మ అక్కచెల్లెండ్రు మూస్తెర్, మన ఖాలా. నాన్న అక్కచెల్లెండ్రు ఫాస్తెర్, మన మేనత్త, ఫూఫీ. మేనమామ మూర్‌బ్రూర్, చచా ఫార్‌బ్రూర్. పెద్దమ్మ, పిన్ని అని వయసును బట్టి విడదీయుట మాత్రం వారికి రాదు, అది తెలుగు సొత్తు. మూలంలో ఆ చోట మూర్మూర్ అని స్పష్టంగా ఉన్నది. టెలిఫోనులో రోజూ బిడ్డతో మాట్లాడేది ఆమెయే అని విచారణలో తేలినదట.

ఆ మాట చెప్పినాము. నానీగారు అన్నం తిన్నారు, పాస్‌పోర్టుకు దరఖాస్తు పెట్టినారు. దాదీగారు మాత్రం, వారి భాషలో ఫార్మూర్ అనే మాట కూడా ఉన్నప్పుడు దానిని ఆ కాగితంలో ఎందుకు వ్రాయలేదో కనుక్కొని చెప్పమని మమ్ము ఇప్పటికీ అడుగుతున్నారు.